అన్నీ అల్ట్రాలో పెట్టినవాడు

"ఇది కొనుక్కుంటారా?" అంది ఆ అమ్మాయి, సీపీయూని రెండు చేతులా ఎత్తి కౌంటర్ మీద పెడుతూ.

పండు తలెత్తి చూశాడు. చేతిలోని స్క్రూడ్రైవర్ జారి వదిన టీ గ్లాసు పక్కన పడింది. గ్లాసులో పడనందుకు వదిన పైకి చూసి దణ్ణం పెట్టుకుంది.

ఇదే అమ్మాయి, ఇదే సీపీయూ మొన్న వానరోజు కూడా వచ్చారు. తను తడుస్తూ గొడుగు మాత్రం సీపీయూకి పట్టింది. "గొడుగు మీకా, దానికా?" అని అడిగాడు పండు. "నేను ఆరతాను, ఇది ఆరదు" అంది ఆమె. ఆ ఒక్క మాటతో పండు పని అయిపోయింది. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా గుమ్మంలోకి చూస్తూనే ఉన్నాడు. ఇవాళ వాన లేదు, ఆమె వచ్చింది.

"కొనడమేంటండీ? ఫ్యాన్ బాగుచేసి ఇచ్చాను కదా. మళ్ళీ చప్పుడొస్తోందా?"

"లేదు, చప్పుడు లేదు. మీరు బాగానే చేశారు. నాన్నకే ఇంక అక్కర్లేదట. కళ్ళెదురుగా ఉంటే బాధగా ఉందంటున్నారు. మీకు ఎంత తోస్తే అంత ఇవ్వండి."

ఆ కంప్యూటర్ రిపేర్ షాపు పండు అన్నావదినలది. అన్న బయట ఆఫీసుల్లో పనులు చూసుకుంటాడు, వదిన కౌంటర్ చూసుకుంటుంది, పండు లోపల బల్ల దగ్గర విప్పుతూ బిగిస్తూ ఉంటాడు. ఇంట్లో పిలిచే పేరు షాపులోకి పాకి, కస్టమర్లకి కూడా అతని అసలు పేరు తెలియకుండా పోయింది. ఆరడుగుల మనిషిని పట్టుకుని అందరూ "పండూ" అంటుంటే కొత్తవాళ్ళు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తారు.

వదిన స్టూలు ముందుకి జరిపింది. "కూర్చో అమ్మా. మేం కొనేముందు వస్తువు కథ కూడా వింటాం. ఊరికే కొనం."

ఆ అమ్మాయి కూర్చుంది. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. రోజంతా జనాన్ని మెల్లగా ప్రశ్నలడిగే అలవాటు వల్లనో ఏమో, తన సంగతి చెప్పడం మాత్రం ఆమెకి కష్టంగానే ఉన్నట్టుంది.

వాళ్ళ నాన్న బడిలో ఆటల మాస్టారు. అన్ని ఆటలూ నేర్పినా ఆయన ప్రాణం టేబుల్ టెన్నిస్. నిరుడు పక్షవాతం కొద్దిగా తగిలి కుడిచెయ్యి మొద్దుబారింది. రబ్బరు బంతి పిసకమని ఫిజియో చెబితే, "బంతి కొట్టడానికమ్మా, పిసకడానికి కాదు" అని కిటికీలోంచి విసిరేశారట. అప్పుడు ఈ అమ్మాయి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని టేబుల్ టెన్నిస్ గేమ్ వేసింది. మౌస్ కదిపితే తెరమీద బ్యాటు కదులుతుంది. మొదట్లో అన్నిటికన్నా చేతకాని ఆటగాడి చేతిలో కూడా మాస్టారు ఓడిపోయారు. పోనుపోను గెలవడం మొదలుపెట్టారు. గెలిచిన ధైర్యంతో చొక్కా గుండీ తనే పెట్టుకున్నారు. చెంచా తనే పట్టుకున్నారు.

"మరి ఇప్పుడేమైంది?" అన్నాడు పండు.

"ఇక్కణ్ణుంచి ఇంటికి తీసుకెళ్ళిన సాయంత్రం ఆడటానికి కూర్చున్నారు. ఒక్క బంతీ తగల్లేదు. మర్నాడూ అంతే. చెయ్యి మళ్ళీ పడిపోతోందమ్మా అన్నారు. మౌస్ పక్కన పెట్టేశారు." ఆమె ఆగింది. "చెంచా కూడా."

పండు సీపీయూ వైపు చూశాడు.

ఆ వానరోజు అతను ఫ్యాన్ దుమ్ము దులిపి ఊరుకోలేదు. షాపుకొచ్చిన ఏ కంప్యూటర్‌కైనా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ కొత్తది వెయ్యడం అతని అలవాటు. అది కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామ్. అది వేశాక, పనిచేస్తోందో లేదో చూద్దామని గేమ్ తెరిచాడు. లోపల సెట్టింగ్స్ దాదాపు అన్నీ అట్టడుగున, 'లో'లో ఉన్నాయి. ప్రేక్షకులు అట్టముక్కల్లా ఉన్నారు. నేల మీద మెరుపు లేదు, మనుషులకి నీడ లేదు, బంతికి మాత్రమే కాస్త ఉంది. ఆ అమ్మాయి ఇంట్లో ఇంత వెలవెలబోయే ఆటా అనిపించింది. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ అన్నిటినీ పైమెట్టుకి, 'అల్ట్రా'కి ఎక్కించాడు. ప్రేక్షకులకి ముఖాలొచ్చాయి. నేల అద్దంలా మెరిసింది. అవతలి ఆటగాడి నుదుటిమీద చెమట బొట్టు కూడా కనబడింది. ఆ బొమ్మ చూసుకుని మురిసిపోయాడేగాని, ఒక్క బంతి కూడా ఆడి చూడలేదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. సీపీయూని కొనేసుకుంటే అసలే గొడవ లేదు. వదిన అతని ముఖం చూసి టీ గ్లాసు కింద పెట్టింది.

"తప్పు మీ నాన్నగారి చేతిది కాదండీ" అన్నాడు పండు. "నాది."

వైర్లు తగిలించి గేమ్ తెరిచి, తెర మూలన ఒక నంబరు కనబడేలా పెట్టాడు. ఇరవై రెండు.

"కార్డు పని బొమ్మలు గియ్యడం. ఇంతకుముందు సెకనుకి అరవై గీసేది. నేను పనంతా నెత్తిన పెట్టేసరికి ఇరవై రెండుకి పడిపోయింది. ఇది పాత కార్డు, ఇంత బరువు మొయ్యలేదు. మీ నాన్నగారు చెయ్యి టైముకే కదుపుతున్నారు. తెరమీద బ్యాటు కదిలేసరికి బంతి వెళ్ళిపోతోంది."

ఆమె ఆ నంబరునే చూస్తోంది. తర్వాత అతన్ని చూసింది.

"ఇవన్నీ పెంచమని నేను అడిగానా?"

"లేదండీ."

"మరెందుకు పెంచారు?"

పండు స్క్రూడ్రైవర్‌ని అటూ ఇటూ తిప్పాడు. వదినకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"ఫ్యాన్ బాగుచెయ్యమని ఇచ్చాను" అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ తగిలింది. "మీరు అద్దంలాంటి నేల వేసి దానిమీద మా నాన్నని పడేశారు."

పండు అన్నిటినీ కిందికి దించాడు. నంబరు అరవైకి ఎక్కింది. సీపీయూ వైర్లు తీస్తూ, "నేనే తెచ్చి పెడతాను. ఆయనకి నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

ఆమె వద్దనలేదు. రమ్మనీ అనలేదు. చిరునామా మాత్రం చెప్పింది.

*

మాస్టారి ఇంట్లో తలుపు గడియకి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది, పట్టు చిక్కడానికి. చెంచాల పిడులకీ అంతే. బల్ల ముందు ఉండాల్సిన కుర్చీ మాత్రం కిటికీవైపు తిరిగి ఉంది. ఆయన అందులో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తున్నారు.

"మాస్టారూ, నన్ను క్షమించాలి. సెట్టింగ్స్ పాడుచేసింది నేనే. ఇప్పుడు సరిచేశాను. ఒక్కసారి ఆడి చూడండి" అన్నాడు పండు, కంప్యూటర్ తగిలించి.

"ఏమోయ్, నువ్వేనా ఫ్యాన్ బాగుచేసింది? చప్పుడు బాగా తగ్గించావు" అన్నారాయన. పరాయివాడి ముందు మొండికెయ్యడం మర్యాద కాదనుకున్నారో ఏమో, లేచొచ్చి కూర్చున్నారు.

బంతి వచ్చింది. చెయ్యి కదిలింది. బంతి బ్యాటు అంచుకి తగిలి పక్కకి ఎగిరిపోయింది. రెండోది తగల్లేదు. మూడోదీ తగల్లేదు.

పండు నుదుటిమీద అల్ట్రాలో లేకుండానే చెమట కనబడింది. మూలన నంబరు అరవైయే చూపిస్తోంది. మరి ఎందుకు తగలడం లేదు?

"నేను ఆడతాను నాన్నా, లే" అంది కూతురు. బ్యాటు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్న పిల్ల. ఆమె బంతులు కూడా సగం పైగా తప్పిపోయాయి. "చూశావా? నాకూ తగలడం లేదు!"

మాస్టారు నవ్వారు. "నన్ను ఓదార్చడానికి ఓడిపోతున్నావు తల్లీ. నీ చిన్నప్పుడు నేనూ నీ దగ్గర ఇలాగే ఓడిపోయేవాణ్ణి. ఆ మాత్రం తెలీదా నాకు?"

"నేను ఆడతాను మాస్టారూ" అన్నాడు పండు. అతనికి ఒక్కటీ తగల్లేదు.

"నువ్వెప్పుడైనా బ్యాటు పట్టుకున్నావుటోయ్?"

"క్యారమ్స్ ఆడేవాణ్ణి."

"అదీ కూర్చునే ఆటే" అని నిట్టూర్చి, ఆయన పండు భుజమ్మీద ఎడమచెయ్యి వేశారు. "అబ్బాయ్, నీది మంచి మనసు. ముసలాడు బాధపడతాడని నెపం నీమీద వేసుకున్నావు. కానీ మిషను బాగానే ఉంది. ఇంక బయల్దేరు."

పండు అంత మెత్తటి దెబ్బ ఎప్పుడూ తినలేదు. తిట్టినా బాగుండేది.

కూతురు వీధి గుమ్మందాకా వచ్చింది. "నిజం చెప్పండి. ఆయన అన్నట్టు మా కోసం అబద్ధం చెప్పారా?"

"లేదండీ. నిజంగా నా తప్పే. కాకపోతే ఇంకా ఏదో మిగిలిపోయింది, అదేంటో దొరకడం లేదు."

"మీ తప్పే కావాలి" అంది ఆమె. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "ఒకళ్ళది తప్పవ్వాలని ఇంతలా నేనెప్పుడూ కోరుకోలేదు."

*

ఆ తర్వాత పండు సరిగా తిన్నది లేదు. విప్పిన సీపీయూల మధ్య కూర్చుని గోడకేసి చూస్తుంటే వదిన చూసి చూసి అంది, "మరిదీ, నీకు చూపు మందగించినట్టుంది. ఎవరైనా మంచి కళ్ళ పరీక్షవాళ్ళని చూడకూడదూ?"

"నా చూపు బాగానే ఉంది వదినా."

"లేదులే. నేను చెబుతున్నానుగా, మందగించింది. వెళ్ళు."

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో వెలుతురు తక్కువ. గోడమీద అక్షరాల బోర్డు మాత్రం వెలుగుతోంది. ఆ అమ్మాయి పండుని చూసి ఒక్క క్షణం ఆగి, వెంటనే డ్యూటీ గొంతు తెచ్చుకుంది.

"ఏమైంది కళ్ళకి?"

"దూరంగా ఉన్నవి సరిగా కనబడటం లేదండీ."

"ఎప్పట్నుంచి?"

మీరు గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చినప్పట్నుంచి అందామనుకున్నాడు. "ఈమధ్యే" అన్నాడు.

ఆమె బరువైన ఇనప ఫ్రేము ఒకటి అతని ముక్కుమీద పెట్టి, కుడికంటికి నల్లబిళ్ళ అడ్డం వేసింది. ఎడమ కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టింది. "ఇది బాగుందా... ఇదా?"

"మొదటిదే."

"ఇప్పుడు? ఇది బాగుందా... ఇదా?"

ఇలా చాలాసేపు సాగింది. మెడ నొప్పెడుతోంది. "రెండు మూడు అద్దాలు ఒకేసారి మార్చెయ్యండి, తొందరగా తేలిపోతుంది" అన్నాడు పండు.

"అలా మారిస్తే ఏ అద్దంతో బాగుపడిందో, ఏ అద్దంతో పాడయిందో నాకెలా తెలుస్తుందండీ? ఒక్కటి మార్చాలి, అడగాలి. ఇంకోటి మార్చాలి, అడగాలి."

పండు తటాలున నిటారుగా కూర్చున్నాడు. ఫ్రేము ముక్కుమీంచి జారబోతే పట్టుకున్నాడు.

"నేను రెండు మార్చానండీ! ఆ రోజు సెట్టింగ్స్ మార్చాను, డ్రైవరూ మార్చాను. తిరిగి దించింది సెట్టింగ్స్ ఒక్కటే. డ్రైవర్ కొత్తదే ఉండిపోయింది. మీరు మొదట్లో కార్డు సెట్టింగ్స్‌లో ఏదైనా ఆఫ్ చేశారా?"

ఆమె ఆలోచించింది. "కొన్న కొత్తలో బ్యాటు బరువుగా కదులుతోందని నాన్న అంటే, ఏదో వీడియో చూసి ఏదో ఆఫ్ చేశాను. ఏమిటో గుర్తులేదు. తర్వాత తేలికైంది."

"వి-సింక్! అదే. కొత్త డ్రైవర్ వేసినప్పుడు పాతవన్నీ తుడిచి వేశాను. మీరు ఆఫ్ చేసింది మళ్ళీ ఆన్ అయిపోయింది. అది ఆన్‌లో ఉంటే, మానిటర్ సిద్ధమయ్యేదాకా కార్డు గీసిన బొమ్మని చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. నంబరు అరవైయే ఉంటుంది, కానీ మనకి కనబడే బొమ్మ కాస్త పాతది. నేను నంబరు చూసి మోసపోయాను."

ఆమె కుర్చీ పక్కన ఉన్న స్టూలుమీద కూలబడింది. ఊపిరి వదిలిన చప్పుడు చీకట్లో వినబడింది.

తలెత్తి అంది, "ఆ రోజు మిమ్మల్ని ఒకటి అడిగాను, మీరు చెప్పలేదు. నేను అడక్కుండా అన్నీ ఎందుకు పెంచారు?"

కుడికన్ను మూసేసి ఉంది. ఎడమకంటికి ఉన్న అద్దంలోంచి ఆమె మసకమసకగా కనబడుతోంది. స్పష్టంగా కనబడి ఉంటే చెప్పగలిగేవాడు కాదు.

"మీరు ఇంటికెళ్ళి ఆన్ చెయ్యగానే, అబ్బ, ఎంత బాగుందో అనుకోవాలని. చేసింది ఎవరా అని నన్ను తలుచుకోవాలని."

"తలుచుకున్నాను లెండి. షాపులో మీరు చెప్పినప్పట్నుంచీ తలుచుకుంటూనే ఉన్నాను. తిట్టుకుంటూ."

"అదైనా చాలండీ."

ఆమె నవ్వింది. మసకలో కూడా ఆ నవ్వు బాగానే కనబడింది. ఫ్రేము మెల్లగా తీసి, "మీ చూపు నిక్షేపంలా ఉంది. అద్దాలేం అక్కర్లేదు" అంది.

"తెలుసండీ."

"తెలిసే ఇంతసేపు కూర్చున్నారా?"

"మీరు అడుగుతుంటే చెప్పడం బాగుంది."

ఆమె అద్దాల పెట్టె సర్దుతోంది. ఒకదాని చోట ఒకటి పెడుతోందని పండుకి తెలియదు, ఆమెకి తెలుసు.

"సాయంత్రం ఇంటికి రండి" అంది. వెంటనే, "సరిచెయ్యడానికి" అని చేర్చింది.

*

"మళ్ళీ వచ్చావుటోయ్?" అన్నారు మాస్టారు, కిటికీ దగ్గర్నుంచి కదలకుండా. "వద్దు నాయనా. ఓడిపోవడానికి కూడా ఓపికుండాలి."

"ఒక్క పాయింట్ మాస్టారూ. ఓడిపోండి, పర్వాలేదు. నేను వీడియో తీసుకుంటాను."

"నా ఓటమికి వీడియో కూడానా! ఏమ్మా, ఇతన్ని ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"ఒక్కసారి నాన్నా. నాకోసం."

ఆయన వచ్చి కూర్చున్నారు. పండు ఇంకా ఏదీ మార్చలేదు. మాస్టారి చెయ్యీ, తెరా రెండూ ఒకే బొమ్మలో పడేలా ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి, స్లో మోషన్‌లో పెట్టాడు. బంతి వచ్చింది, చెయ్యి కదిలింది, తగల్లేదు. మాస్టారు మౌస్ వదిలేశారు.

"చాలు మాస్టారూ. ఇప్పుడు చూడండి" అని పండు ఫోన్ ఆయన ముందు పెట్టాడు.

ఫోన్‌లో అంతా నీళ్ళలో జరిగినట్టు మెల్లగా జరుగుతోంది. తెరమీద బంతి వల దాటింది. మాస్టారి వేళ్ళు బిగిశాయి. మణికట్టు కదిలింది. చెయ్యి చక్కగా, ఒక వంపు తిరిగి ముందుకెళ్ళింది. బంతి ఇంకా బల్లమీదే ఉంది. తెరమీద బ్యాటు కదల్లేదు. చెయ్యి వెళ్ళి ఆగింది. బంతి లేచింది. అప్పటికీ బ్యాటు కదల్లేదు. బంతి వెళ్ళిపోయాక, తీరిగ్గా, పెళ్ళయ్యాక వచ్చిన చుట్టంలా బ్యాటు ఊగింది.

మాస్టారు ఫోన్ దగ్గరికి వంగారు. "మళ్ళీ పెట్టు" అన్నారు.

మళ్ళీ పెట్టాడు.

"ఇంకోసారి."

ఈసారి ఆయన తెరని చూడలేదు. తన చేతినే చూసుకున్నారు. వేళ్ళు బిగిసి, మణికట్టు తిరిగి, ముందుకెళ్ళిన చేతిని. బడిలో పిల్లల చేతుల్ని అన్నేళ్ళు చూసిన కళ్ళవి. మంచి స్ట్రోక్ అంటే ఏమిటో వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నా చెయ్యి టైముకే వెళ్ళింది" అన్నారు మెల్లగా.

"అవును మాస్టారూ."

"ఇన్నాళ్ళూ దీన్ని ఎన్ని మాటలన్నానో!" అంటూ ఎడమచేత్తో కుడిచేతిని నిమిరారు, అన్యాయంగా తిట్లు తిన్న పిల్లాణ్ణి దగ్గరికి తీసుకున్నట్టు.

"నన్ను తిట్టండి మాస్టారూ."

"నిన్ను తర్వాత తిడతాను. తీరిగ్గా తిడతాను. ముందు అది సరిచెయ్యి."

ఈసారి పండు తొందరపడలేదు. కూతురు పక్కనే నిలబడి, షాపులో అద్దాలు మార్చేటప్పటిలాగే, ఒక్కటి మార్చగానే ఆపేది. "ఆగండి. నాన్నా, ఇప్పుడెలా ఉంది?" వి-సింక్ ఆపగానే మాస్టారు కనుబొమలు ఎగరేశారు. "బరువు దిగింది" అన్నారు. అయినా మధ్యమధ్య బంతి ఒక్కసారి తడబడుతోంది. పండు వెంట తెచ్చుకున్న పాత డ్రైవర్‌ని మళ్ళీ వేశాడు. కొత్తది కొత్త కార్డుల్ని తలుచుకుని రాసింది, ఈ పాత కార్డు అంటే దానికి అంత పట్టింపు లేదు. తడబాటు పోయింది.

"ఇంకా ఏదో వెలితిగా ఉందోయ్" అన్నారు మాస్టారు. "బంతి ఎక్కడ పడుతోందో అందడం లేదు. బల్లమీద దాని నీడ పడేది ఇదివరకు."

పండు అన్నిటినీ దించేటప్పుడు నీడల్ని పూర్తిగా తీసేశాడు. వాటిని మాత్రం ఒక్క మెట్టు పెంచాడు. నంబరు తగ్గలేదు.

"ప్రేక్షకుల్ని కూడా కాస్త పెంచమంటారా మాస్టారూ?"

"వద్దు, అట్టముక్కలుగానే ఉండనీ. నన్ను చూసి జాలిపడరు."

బంతి వచ్చింది. టక్. తిరిగి వచ్చింది. టక్. కూతురు చెయ్యి పండు మోచేతిని ఎప్పుడు పట్టుకుందో ఆమెకీ తెలియదు. అతను కదిలితే వదిలేస్తుందేమోనని కదల్లేదు. మాస్టారు పాయింట్ గెలిచి వెనక్కి తిరిగి చూశారు. ఇద్దర్నీ చూసి, ఏమీ చూడనట్టు మళ్ళీ తెరవైపు తిరిగారు.

"తిడతానన్నాను కదూ. రేపట్నుంచి రోజూ సాయంత్రం రా. రోజుకి కాస్త తిడతాను" అన్నారు.

*

రోజూ సాయంత్రం పండు వెళ్ళాడు. మాస్టారు తిట్లు మొదటిరోజే అయిపోయాయి, మిగతా రోజులు ఆటలే. గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. ఒకనాడు మాస్టారు ఆట మధ్యలో మౌస్ పక్కకి జరిపి, "ఇంక నిజం బల్లమీద ఆడాలనుంది" అన్నారు.

కూతురి ముఖంలో భయం కనబడింది. అక్కడ కార్డులూ డ్రైవర్లూ ఉండవు. బంతి తప్పితే నెపం వేసుకోవడానికి పండుకి కూడా సందుండదు.

"నాన్నా, ఇంకొన్నాళ్ళాగి..."

"ఆగితే బంతి నాకోసం మెల్లగా వస్తుందా ఏమిటమ్మా? పదండి. ఏమోయ్, మీవాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురా. ఖాళీ హాల్లో ఆడటం నాకు ఇష్టం ఉండదు."

ఆదివారం పొద్దున బయట జల్లు పడుతోంది. క్లబ్ హాల్లో రెండు పాత బల్లలున్నాయి. వదిన బెంచీమీద కూర్చుని స్కోరు చెబుతానంది. ఆటేమీ తెలీదు కాబట్టి ఎవరు బాగా నవ్వితే వాళ్ళకి పాయింట్ ఇస్తోంది.

కూతురు మెల్లగా ఒక బంతి వేసింది. మాస్టారు బ్యాటు ఊపారు, తప్పింది. ఇంకోటి వేసింది. వలకి తగిలింది. ఇంకోటి బల్ల దాటి వెళ్ళి గోడకి కొట్టుకుంది. పండు పరిగెత్తి బంతి తెచ్చిస్తూ ఆయన ముఖంలోకి చూడటానికి భయపడ్డాడు.

మాస్టారు నవ్వుతున్నారు.

"ఇది నా తప్పేనోయ్! పూర్తిగా నాదే. మోచెయ్యి దూరంగా పోతోంది. నాకు తెలుస్తోంది!" అన్నారు, బహుమతి వచ్చినంత సంబరంగా. "తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు. వెయ్యమ్మా ఇంకోటి."

మోచెయ్యి దగ్గరికి తీసుకున్నారు. టక్. బంతి వల దాటి, కూతురి వైపు బల్లమీద పడి లేచింది. ఆమె కొట్టడం మరిచిపోయి చూస్తూ నిలబడిపోయింది. వదిన ఆ పాయింట్ ముగ్గురికీ ఇచ్చింది.

కాసేపు ఆడి, మాస్టారు బ్యాటుతో పండుకి సైగ చేశారు. "నువ్వు కూడా అటు వెళ్ళు. మీరిద్దరూ ఒక జట్టు, నేనొక్కణ్ణీ ఒక జట్టు. జంటగా ఆడేటప్పుడు ఒకసారి నువ్వు కొట్టాలి, ఒకసారి తను కొట్టాలి. వరస తప్పకూడదు."

మొదటి బంతికి ఇద్దరూ ఒకేసారి వెళ్ళారు. భుజాలు గుద్దుకున్నాయి. రెండో బంతి పండు కొట్టి, ఎక్కడ పడుతుందో చూద్దామని అక్కడే నిలబడ్డాడు. ఆమె అతని వీపుకి తగిలింది.

"కొట్టినవాడు తప్పుకోవాలోయ్!" అని మాస్టారు బడి గొంతుతో అరిచారు. "నీ వంతు నువ్వు చేసి, తన వంతుకి చోటివ్వాలి. అన్నీ నువ్వే చేసెయ్యకూడదు. మా ఆవిడతో ఆడినప్పుడు ఆ ఒక్కటి నేర్చుకోడానికి నాకు చాలాకాలం పట్టింది. అది వచ్చాక మేం ఓడిపోయినా ఎప్పుడూ పోట్లాడుకోలేదు."

ఆవిడ ఇప్పుడు లేరు. మాస్టారు బంతిని అరచేతిలో తిప్పి చూసుకుని, మళ్ళీ మామూలైపోయారు.

వదిన ఊరుకుంటుందా? "మాస్టారూ, జట్టు చూడ్డానికి బాగానే ఉంది. కలకాలం ఇదే జట్టుగా ఉంచేద్దామా?"

పండు బ్యాటుకేసి చూశాడు. ఆ అమ్మాయి వలకేసి చూసింది.

"నేను కోచ్‌నమ్మా. నాకు ఇష్టమే" అన్నారు మాస్టారు. "కానీ ఆడేది వాళ్ళు. వాళ్ళనడుగు."

"ముందు ఈయన్ని తప్పుకోవడం నేర్చుకోనీ అక్కా, తర్వాత చూద్దాం" అంది ఆ అమ్మాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"నేర్చుకుంటానండీ" అన్నాడు పండు.

"అండీ గిండీ అంటూ కూర్చుంటే బంతి వెళ్ళిపోతుంది. చూడు, వస్తోంది!" అంది ఆమె.

మాస్టారి కుడిచేతిలోంచి బంతి వచ్చింది. మెల్లగా, కాస్త వంకరగా, కానీ బల్లమీదికే వచ్చింది. పండు కొట్టాడు. మాస్టారు తిరిగి పంపారు.

"పండూ, తప్పుకో!" అంది ఆమె.

ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. పండు ఒక్క అడుగు పక్కకి వేశాడు. ఆమె ముందుకొచ్చింది.